గడియకు ఇవతల

గడియ బిగించింది ఆమె భర్తే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు కాబట్టి ఇంట్లో డ్రిల్లుకీ స్క్రూలకీ కరువు లేదు. ముందు గదికీ వెనక గదికీ మధ్య ఉన్న తలుపు మీద, ముందు గది వైపున, పెన్సిలుతో గీత గీసుకుని, చిల్లులు వేసి, ఇత్తడి గడియ కూర్చోబెట్టి, ఇటూ అటూ లాగి చూసుకున్నాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక్క స్క్రూ మాత్రం కాస్త పొడుగుది పడింది. దాని మొన చెక్కని చీల్చుకుని వెనక గదిలోకి పొడుచుకొచ్చింది.

వెనక గదిలో మంచం మీద కూర్చుని కూతురి పిక్కలు సాగదీస్తున్న ఆమె, ఆ మొన బయటికి రావడం కళ్లారా చూసింది.  కూతురి కాలు నెమ్మదిగా దించి, పనిసంచీలోంచి ఆకురాయి తీసి, వెళ్లి ఆ మొన మీద రుద్దడం మొదలుపెట్టింది. బొటనవేలితో తడిమి చూసి ఇంకాస్త రుద్దింది. పిల్ల పాకేది ఆ తలుపు పక్కనే.

"ఏంటా చప్పుడు?" అత్తగారు అవతల నుంచి అడిగింది.

"ఏం లేదత్తయ్యా. స్క్రూ ఇటొచ్చింది."

"వాడికి చెప్తే కోసేవాడుగా."

"అయిపోయిందిలెండి."

పనిచేసే చోట ఆమెని పట్టీలమ్మ అంటారు. కాళ్లు సరిగ్గా నిలవని పిల్లలకి ప్లాస్టిక్ స్ప్లింట్లు చేసే వర్క్‌షాపులో, ఆ స్ప్లింట్లకి అంటించి ఊడదీసే వెల్క్రో పట్టీలు కుట్టి బిగించడం ఆమె పని. ఇంట్లో అయితే ఏమమ్మా, ఇదిగో, వదినా, అత్తా అని పిలిచే మనిషిని బట్టి పేరు మారిపోతూ ఉంటుంది. మనం పట్టీలమ్మ అనే అనుకుందాం. ఆ పేరు పెట్టినవాళ్లు కనీసం ఆమె చేసే పని చూసి పెట్టారు.

కూతురిది ఏడో ఏడు. నడవలేదు, ఎక్కడికైనా ఎత్తుకునే తీసుకెళ్లాలి. అందుకని వర్క్‌షాపులో పెద్దమేస్త్రీ "రాణీగారు వేంచేశారా" అని ఒకసారి అన్నాడు, అదే స్థిరపడిపోయింది. రాణీగారికి ఒక చెవి వినబడదు. రెండో చెవితో మాత్రం ఎవరి అడుగుల చప్పుడు ఎవరిదో చెప్పేస్తుంది. చెప్పడమంటే మాటల్లో కాదు, కళ్లతో.

గడియ ఎందుకంటే, ఆడపడుచు వచ్చింది కాబట్టి. ఆమెకి మూడో నెల. కాస్త నలతగా ఉంటే డాక్టరు విశ్రాంతి తీసుకోమంది. ఆమె భర్త పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు. కూతుర్ని వెంటబెట్టుకుని పుట్టింటికి చేరింది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం ఆమెది. అత్తగారు కోడలితో మాట దాచుకోలేదు.

"నీ పిల్ల మీద నాకేం కోపం లేదు. ఈ చేతుల్తోనే రెండేళ్లు దాని కాళ్లు పిసికాను, నీకు తెలుసు. కానీ కడుపుతో ఉన్నది పొద్దస్తమానం దాన్నే చూస్తూ కూర్చుంటే భయం పట్టుకుంటుంది. భయం కడుపులోకి దిగుతుంది. కొన్నాళ్లు మీరు సందులోంచి రాకపోకలు చేసుకోండి."

"అలాగేనత్తయ్యా."

"పైగా అది ఎవరి రక్తంలోంచి వచ్చిందో సోమవారం తేలిపోతుందిగా."

అదీ అసలు సంగతి. తల్లీ తండ్రీ బిడ్డా ముగ్గురి రక్తం జన్యుపరీక్షకి ఇచ్చి చాలా రోజులైంది. ఇప్పించింది అత్తగారే. అన్న బిడ్డకి ఉన్నది రేపు తన బిడ్డకి రాదన్న నమ్మకమేంటని ఆడపడుచు ఏడ్చినప్పుడల్లా, "మనవైపు ఎవరికుంది? మీ వదిన మేనమామ కాలీడ్చుకుంటూ నడిచేవాడు కాదూ" అని తల్లి ఓదార్చేది. ఆయన చిన్నప్పుడు గోడ మీంచి పడ్డాడని పట్టీలమ్మ ఒకసారి చెప్పి చూసింది. "గోడల మీంచి అందరూ పడతారు, అందరూ ఈడుస్తారా?" అంది అత్తగారు. 

ఏడేళ్లుగా పట్టీలమ్మ కోరుకున్నది ఒక్కటే. ఎవరో ఒక చదువుకున్న మనిషి గట్టిగా, అందరికీ వినబడేలా, ఇది నీ వల్ల కాదు అని చెప్పాలి. పిల్ల నడవాలని కోరుకోవడం మానేసి చాలాకాలమైంది. ఈ కోరిక మాత్రం మానలేకపోయింది.

గడియ పెద్దవాళ్లకే గానీ పిల్లలకి కాదు. సాయంత్రం కాకుండానే ఆడపడుచు కూతురు సందు తలుపులోంచి దూసుకొచ్చింది. దానికి తొమ్మిదేళ్లు. వాగుడుకాయ అని పిలిస్తే పలుకుతుంది, ఆ పిలుపుకి గర్వపడుతుంది కూడా.

"అత్తా, నా మరదలు ఏం చేస్తోంది? ఇవాళ దీనికి లెక్కలు చెప్తా. మా టీచరు నాకు చెప్పింది నాకే అర్థం కాలేదు, దీనికి చెప్తే అర్థమవుతుందేమో. అమ్మమ్మ అటు వెళ్లద్దంది. నేను ఇటు తిరిగి వచ్చా, అటు కాదుగా?"

రాణీగారు మెడ వంచి, నోరంతా తెరిచి నవ్వింది. గడ్డం మీదికి చొంగ కారింది. వాగుడుకాయ తన గౌను అంచుతో తుడిచేసి, చేతిలోని బిస్కెట్టు సగం కొరికి, మిగతా సగం అలవాటుగా పట్టీలమ్మ నోట్లో పెట్టింది. మాటలు రాని వయసు నుంచీ ఉన్న అలవాటు అది. తాను తిని, బాగుంటే అత్తకి పెట్టాలి. పట్టీలమ్మ నమిలి మింగి, "లెక్కలు కానీ" అంది. ఇంటి మొత్తానికి ఆ గదిలోకి సంతోషంగా వచ్చే మనిషి అదొక్కతే.

*

వర్క్‌షాపు ఆస్పత్రి వెనకాల ఉంది. గోడ పొడుగునా అరల్లో తెల్లటి ప్లాస్టరు కాళ్లు నిలబెట్టి ఉంటాయి. అన్నీ పిల్లల కాళ్లే. పిల్ల కాలికి తడి ప్లాస్టరు గుడ్డ చుట్టి, ఆరాక కోసి తీసి, ఆ డొల్లలో ప్లాస్టరు పోస్తే కాలి అచ్చు వస్తుంది. అచ్చుని చిత్రిక పట్టి నునుపు చేసి, పొయ్యిలో మెత్తబడిన ప్లాస్టిక్ రేకుని దాని మీద దుప్పటిలా కప్పితే, చల్లారేసరికి కాలి ఆకారం నిలుస్తుంది. ఆ పని పెద్దమేస్త్రీది. అంచులు కోసి, గరుకు లేకుండా రుద్ది, లోపల మెత్త అంటించి, పట్టీలు బిగించే పని పట్టీలమ్మది.

సోమవారం పొద్దున ఆమె ముందున్న జత సొంత కూతురిదే. రాణీగారికి పాతవి పొట్టయ్యాయి. ఎదగదనుకున్న పిల్ల ఎదుగుతూనే ఉంది, కాళ్ల మట్టుకైనా.

"మహారాణిగారి పాదుకలు ఇవాళ అయిపోవాలి" అన్నాడు పెద్దమేస్త్రీ, చేతులకంటిన ప్లాస్టరు గీక్కుంటూ. "మడమ దగ్గర మెత్త రెండు వరసలు వెయ్యి. లేకపోతే నన్ను ఉరితీయిస్తుంది."

"మధ్యాహ్నం ఒక గంట డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి మేస్త్రీగారూ."

"అవునుగా, ఇవాళేనా!" ఆయన నవ్వు ఆపేశాడు. "ఆయన వస్తున్నాడా?"

"వస్తానన్నారు."

రాలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసి, ఎక్కడో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందనీ, లోపల మనుషులున్నారనీ చెప్పాడు. "నువ్వు విని రా. సాయంత్రం చెప్పు" అన్నాడు. అబద్ధం కాదు, లిఫ్టులు నిజంగానే ఆగుతాయి. అవి ఆగినప్పుడల్లా ఈమె ఆస్పత్రికి ఒక్కతే వెళ్తుంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. గబగబా మాట్లాడుతుంది గానీ, అవతలి మనిషికి అర్థమయ్యిందో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో ఆగుతుంది.

"ముందు మంచి కబురు. మా పరీక్షకి అందినంతవరకూ మీ జన్యువుల్లో దీనికి కారణమయ్యేదేదీ కనబడలేదు. మీ వైపూ లేదు, మీవారి వైపూ లేదు."

"ఇంకోసారి చెప్పండి."

డాక్టరమ్మ ఇంకోసారి చెప్పింది.   పట్టీలమ్మకి ఆ మాట ఇంకా నాలుగుసార్లు అడిగి చెప్పించుకోవాలనిపించింది, కానీ బాగుండదని ఊరుకుంది.

"మరెందుకొచ్చిందండీ?"

"స్కానులో పాప మెదడులో సున్నపు చుక్కల్లాంటివి ఉన్నాయి. పైగా ఒక చెవి వినబడదు. రెండూ కలిపి చూస్తే నాకు అనుమానం వచ్చింది. పాప పుట్టిన రోజుల్లో మడమ మీద గుచ్చి తీసిన రక్తపు చుక్క ఆరబెట్టి దాచింది ఇంకా ఉంటే, వెతికించి పరీక్ష చేయించాను. అందులో వైరస్ దొరికింది. అంటే మీ కడుపులో ఉన్నప్పుడే సోకింది. తొలి నెలల్లో సోకితే బిడ్డ మెదడు మీద ఇలా దెబ్బకొడుతుంది."

"నాకు పెద్ద జబ్బులేమీ రాలేదండీ అప్పుడు."

"రావు. కాస్త జ్వరం, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు. చాలామందికి అదీ ఉండదు."

జ్వరం వచ్చింది. పట్టీలమ్మకి గుర్తుంది. నోరు చేదుగా ఉండి అన్నం సయించని ఆ రోజుల్లో ఆమె తిన్నదల్లా, ఒక పసిపిల్ల బలవంతంగా నోట్లో కుక్కిన సగం సగం బిస్కెట్లే.

"అది ఎలా వస్తుందండీ?" అడిగింది. 

"ఎక్కువగా చిన్నపిల్లల నుంచి. ఏడాదీ రెండేళ్ల పిల్లల ఉమ్మిలో, మూత్రంలో నెలల తరబడి ఉంటుంది. వాళ్లకేమీ కాదు, హాయిగా ఆడుకుంటూ ఉంటారు. వాళ్ల ఎంగిలి తిన్నా, వాళ్ల చెంచా నోట్లో పెట్టుకున్నా, గుడ్డలు మార్చి చేతులు సరిగ్గా కడుక్కోకపోయినా రావచ్చు. ఆ రోజుల్లో మీ చేతిలో చిన్నపిల్లలెవరైనా ఉండేవారా?"

"లేరండీ."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ప్రశ్న పూర్తికాకుండానే జవాబు వచ్చేసింది, పిల్ల మెట్టు మీంచి జారుతుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయినట్టు.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమెని చూసింది. "ఉన్నా అది ఆ పిల్లల తప్పు కాదు. మీ తప్పు అసలే కాదు. మీకెవరూ చెప్పలేదు, అంతే."

"మా ఆడపడుచు కడుపుతో ఉందండీ. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు పసిపిల్లల్ని వదిలేసి వెళ్తారు చూడండి, ఆ సెంటర్లో పని. వచ్చే వారం మళ్లీ పనిలోకి వెళ్తుంది."

"అయితే తప్పకుండా చెప్పండి. అన్నాళ్లుగా పిల్లల మధ్యే ఉంటే ఆవిడకి ఇదివరకే వచ్చి పోయి ఉండొచ్చు, అప్పుడు భయం తక్కువ. అయినా జాగ్రత్త మంచిది. తన చెంచా తనది, ఎంగిలి వద్దు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తన డాక్టరుతో కూడా ఒకసారి మాట్లాడమనండి."

పట్టీలమ్మ లేచి, తలుపు దాకా వెళ్లి, ఆగింది. "మా పాపలో ఇంకా ఉంటుందా అది?"

"పుట్టుకతో సోకిన పిల్లల్లో కొన్నేళ్లు ఉండొచ్చు. ఎత్తుకుంటే, ముట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. చొంగ తుడిచాక చేతులు కడుక్కుంటే చాలు. పాపని దూరంగా పెట్టక్కర్లేదు."

దూరంగా పెట్టక్కర్లేదు. గడియకి బదులు ఒక సబ్బుబిళ్ల సరిపోయేదన్నమాట. నవ్వొచ్చింది ఆమెకి. ఆస్పత్రి వరండాలో ఒక్కతే నవ్వుకుంటూ నడిచే ఆడదాన్ని చూసి, ఎదురుగా వస్తున్నవాళ్లు పక్కకి తప్పుకున్నారు.

వర్క్‌షాపుకి తిరిగొచ్చి స్ప్లింటు ముందు కూర్చుంది. పట్టీని లోపలి కన్నంలోంచి దూర్చి, వెనక్కి మడిచి, రివెట్ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసింది. రెండో కాలిదీ అలాగే చేసింది. చేతులు వాటంతటవే కదులుతున్నాయి. మనసులో ఒకటే లెక్క, ఎటు నుంచి కూడినా అదే వస్తోంది. వాగుడుకాయ అప్పుడే నడక నేర్చింది. ఆడపడుచు కొత్తగా ఉద్యోగంలో చేరి, "వదినా, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అని పిల్లని ఒళ్లో పెట్టి వెళ్లేది. పళ్లొచ్చే వయసు, చొంగే చొంగ. ఆ చొంగతోనే బుగ్గల మీద ముద్దులు. తనకి పుట్టబోయే బిడ్డ కూడా ఇంత ముద్దుగా ఉండాలని ఆ ముద్దులన్నీ కళ్లు మూసుకుని పెట్టించుకుంది.

ఎవరినైనా ఈ విషయంలో తిట్టుకోవాలన్నా ఆమెకి మనిషి దొరకలేదు.

"పట్టీలమ్మా" అన్నాడు పెద్దమేస్త్రీ, స్ప్లింట్లు రెండూ చేతిలోకి తీసుకుని. "రెండు పట్టీలూ లోపలివైపుకే మూశావు. కొసలు ఒకదానికొకటి తగిలి పిల్ల కాళ్లు ముడిపడతాయి."

ఏళ్ల తరబడి చేస్తున్న పనిలో మొదటిరోజు కూడా చేయని తప్పది. ఆమె స్ప్లింట్లు తీసుకుని, డ్రిల్లుతో రివెట్లు ఊడగొట్టడం మొదలుపెట్టింది. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఏమని చెప్పారని అడగలేదు. కొత్త రివెట్లు ఒక్కొక్కటే ఏరి అందించాడు.

*

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో అందరూ ఉన్నారు. గడియ తీసి ఉంది. కబురు కోసం తీశారు. అత్తగారు నేల మీద కూర్చుని గింజలు ఒలుస్తోంది. ఆడపడుచు దిండ్లకి ఆనుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని ఉంది. భర్త అప్పుడే వచ్చినట్టున్నాడు, బూట్లు విప్పుతున్నాడు. కిటికీ కింద వాగుడుకాయ బోర్లా పడుకుని ఏదో రాసుకుంటోంది.

"ఎవరివైపుదట?" అత్తగారు గింజల మీంచి తలెత్తలేదు.

"ఎవరివైపుదీ కాదట."

ఒలిచే చేతులు ఆగాయి. ఆడపడుచు గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎన్నాళ్లుగా పట్టి ఉంచిందో గానీ, వదిలాక భుజాలు కిందికి దిగాయి. "నిజంగానా వదినా? అన్నయ్య రక్తంలో ఏమీ లేదా?"

"ఏమీ లేదమ్మాయ్. నువ్వేం భయపడకు."

"మరి?" అత్తగారు వదల్లేదు. "ఊరికే వస్తుందా?"

"అది కడుపులో ఉన్నప్పుడు నాకు జ్వరం వచ్చింది చూడండి. అదేనట. ఏదో వైరస్ అట."

"ఆ జ్వరం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వాగుడుకాయ పెన్సిలు ఆపి, తల తిప్పి, అత్త మొహంలోకి చూసింది. దానికి అన్నీ వినాలి. విన్నవన్నీ తిరిగి అందరికీ చెప్పాలి. బడిలో చెబుతుంది, సందులో చెబుతుంది, రాణీగారికి రోజూ చెబుతుంది. నావల్లే నువ్విలా అయ్యావట మరదలా అని ఒకరోజు నవ్వుతూ చెబుతుంది. ఇంకొన్నేళ్లు పోయాక ఆ నవ్వు ఉండదు, ఆ మాట మాత్రం ఉంటుంది. పట్టీలమ్మ నోట్లో ఏడేళ్ల నిరీక్షణ సిద్ధంగా ఉంది. నాలుక కదిపితే చాలు, ఈ గదిలో ఇక జన్మలో ఎవరూ ఆమెని వేలెత్తి చూపలేరు.

"తెలీదట" అంది. "ఎక్కణ్ణుంచైనా రావచ్చట."

"ఎక్కణ్ణుంచైనా అంటే ఏంటి? నేనప్పుడే మొత్తుకున్నాను. ఆ ఒంటితో బస్సులెక్కి తిరగద్దన్నాను, బయట తినద్దన్నాను. వింటేగా! చూశావురా, రక్తం కాదట, నిర్లక్ష్యమట."

"పోనీలే అమ్మా" అన్నాడు భర్త. చాలాసేపటి తర్వాత, వెనక గదిలో కూతురికి కొత్త స్ప్లింట్లు తొడిగి చూస్తున్న భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పట్టీని వేలితో తాకాడు. "బాగా వచ్చాయి" అన్నాడు. ఆ తర్వాత, "అంటే నువ్వప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండుంటే..." అని, మిగతాది మింగేసి వెళ్లిపోయాడు.

అత్తగారి మాటలన్నీ ఒక ఎత్తు, ఈ సగం మాట ఒక ఎత్తు. రక్తం నేరమైనప్పుడు అది పుట్టుకతో వచ్చింది, ఎవరేం చేస్తారని సరిపెట్టుకుంది. ఇప్పుడిది ఆమె చేజేతులా చేసిన నేరం. దీన్ని ఆమె తన నోటితోనే ఒప్పుకుంది. ముందు గదివైపు గడియ పడిన చప్పుడైంది. పట్టీలమ్మ కూతురి మెడ వంపులో మొహం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. రాణీగారు వంకర చెయ్యి ఎలాగో పైకి లేపి, తల్లి జుట్టులో వేళ్లు చిక్కించుకుంది. విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది.

*

మర్నాడు పట్టీలమ్మ పనికి ఆలస్యంగా వస్తానని చెప్పింది. సందు తలుపు బయట ఎప్పటిలాగే వేడినీళ్ల గిన్నె మూతపెట్టి ఉంది. గడియ పడ్డ రోజు నుంచీ రాణీగారి స్నానానికి నీళ్లు కాచి అత్తగారే అక్కడ పెడుతోంది. తలుపు మాత్రం కొట్టదు.

స్నానం అయ్యేలోపే వాగుడుకాయ వచ్చేసింది. బిస్కెట్టు సగం కొరికి, మిగతా సగం చాచింది. పట్టీలమ్మ నోరు తెరవలేదు. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఏంటత్తా, నా ఎంగిలి అసహ్యమా? ఎప్పుడూ తింటావుగా."

పట్టీలమ్మ ఆ పిల్లని చూసింది. ముందరి పన్ను ఒకటి ఊడింది, మోకాలు చెక్కుకుపోయింది, గౌను అంచు మీద రాణీగారి చొంగ మరక. ఇక తనకి కొత్తగా వచ్చేదేముంది? ముందుకు వంగి, బిస్కెట్టు నోటితోనే అందుకుంది.

"కానీ అమ్మకి మాత్రం ఇలా పెట్టకు. కడుపులో బుజ్జాయి ఉందిగా, అమ్మవన్నీ వేరేగా ఉండాలి. రాణీగారి చొంగ తుడిచినప్పుడల్లా చేతులు కడుక్కోవాలి. సరేనా?"

"ఎందుకు?"

"డాక్టరమ్మ చెప్పింది కాబట్టి."

"మరి నీకు పెట్టొచ్చా?"

"నాకు పెట్టొచ్చు."

ఆడపడుచు సందులో బట్టలు ఆరేస్తోంది. తల్లి చూస్తే వద్దంటుందని తొందరగా ఆరేస్తోంది. పట్టీలమ్మ వెళ్లి బకెట్టులోంచి ఒక్కో బట్టా పిండి అందించసాగింది. 

"అమ్మాయ్, మీ సెంటర్లో పిల్లలకి నువ్వే తినిపిస్తావా?"

"ఇంకెవరు తినిపిస్తారు వదినా? పన్నెండయితే చాలు, పక్షిపిల్లల్లా అందరూ నోళ్లు తెరుస్తారు."

"వేడి చూడ్డానికి?"

"చెంచా నోట్లో పెట్టుకుని చూస్తా. వాళ్లు వదిలేసింది పారేయబుద్ధి కాక నేనే తినేస్తా. అందుకే ఇలా ఉన్నా" అని నవ్వి, తన నడుం చూపించుకుంది.

"ఇక అలా చెయ్యకు. నీ చెంచా వేరే పెట్టుకో. వాళ్లది పారెయ్యి. గుడ్డలు మార్చినా ముక్కు తుడిచినా వెంటనే సబ్బుతో కడుక్కో. మూతి మీద ముద్దులు పెట్టనివ్వకు. ఒకసారి మీ డాక్టరుతో కూడా మాట్లాడు. నువ్వు అన్నేళ్లుగా పిల్లల్లోనే ఉన్నావు కాబట్టి భయం తక్కువేనట. అయినా సరే చెయ్యి."

ఆడపడుచు చేతిలో తడి గౌను అలాగే ఉండిపోయింది. నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. "ఇదంతా ఎవరు చెప్పారు?"

"డాక్టరమ్మ."

"నిన్నా?"

"ఆఁ."

"నిన్న లోపల ఇది చెప్పలేదే."

పట్టీలమ్మ బకెట్టులోంచి ఇంకో బట్ట తీసి పిండింది. అందులో నీళ్లు లేవు, అంతకుముందే పిండింది అది.

"వదినా" అంది ఆడపడుచు నెమ్మదిగా. "నీకు జ్వరం వచ్చినప్పుడు మా పిల్ల నీ దగ్గరే ఉంది."

వెనక గదిలోంచి వాగుడుకాయ గొంతు వస్తోంది. మూడు మూళ్లు తొమ్మిదే ఎందుకవ్వాలో మరదలికి వివరిస్తోంది. మధ్యలో రాణీగారి నవ్వు, తలుపు కిర్రుమన్నట్టు.

ఆడపడుచు గౌను తీగ మీద పడేసి, చరచరా వెనక గదిలోకి వెళ్లింది. వచ్చి ఇన్ని రోజులైనా ఆ గడప దాటలేదు. మంచం మీద కూర్చుని రాణీగారిని రెండు చేతులా ఒళ్లోకి లాక్కుంది. ఎత్తుకోవడం మరిచిపోయినట్టుంది, పిల్ల కాళ్లు కత్తెరలా పడ్డాయి. పట్టీలమ్మ గబుక్కున వెళ్లి మోకాళ్ల మధ్య చెయ్యి పెట్టి విడదీసి, నడుం వంచి సరిగ్గా కూర్చోబెట్టింది. కొత్త మనిషి వాసన చూసి రాణీగారు నోరంతా తెరిచి నవ్వింది. చొంగ ఆడపడుచు మెడ మీద, చేతుల మీద కారింది. ఆమె తుడుచుకోలేదు. పిల్ల నుదుటి మీద చెంప ఆనించి అలాగే కూర్చుంది. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. వాగుడుకాయ జన్మలో మొదటిసారి మాట లేక చూసింది.

"నువ్వు వెళ్లి అమ్మమ్మని ఇంకో సబ్బు అడిగి తీసుకురా" అని దాన్ని పంపేసి, పట్టీలమ్మ చెంబుతో నీళ్లూ పళ్లెమూ తెచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. ఉన్న సబ్బు తడిపి, ఆడపడుచు చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. మెడ మీద తడిగుడ్డతో తుడిచింది. మళ్లీ చేతులు. కూతురి మూసుకుపోయిన పిడికిళ్లు విప్పి కడిగే అలవాటు కొద్దీ వేళ్ల సందులు కూడా వదలకుండా రుద్దింది.

"అమ్మకి చెప్తాను వదినా. అన్నయ్యకి కూడా."

"వద్దు."

"మరి వాళ్లు నిన్ను..."

"దానికి తొమ్మిదేళ్లమ్మాయ్. నోట్లో ఆవగింజ నానదు. ఇంత బరువు అదెక్కడ మోస్తుంది? నాకు మోయడం అలవాటేగా." ఒళ్లోని కూతుర్ని కళ్లతోనే చూపించింది. "పైగా అదేనని ఎవరు చూశారు? డాక్టరమ్మకే తెలీదు. ఏదీ, ఆ చెయ్యి ఇటివ్వు."

"ఏం చేస్తున్నావే అక్కడ?" అత్తగారి గొంతు ముందు గదిలోంచి వచ్చింది. గడియ తీసిన చప్పుడైంది, తలుపు తెరుచుకుంది. ఒళ్లో పిల్లా, పళ్లెంలో నురగా, కూతురి ఏడుపు మొహమూ చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. "చూశావా, నేనేం చెప్పాను? భయపెట్టేశారు నా పిల్లని. లే, లే, రా."

ఆడపడుచు వదిన వైపు చూసింది. వదిన తల అడ్డంగా ఊపింది. ఆడపడుచు రాణీగారిని మంచం మీదికి దించి, నుదుటి మీద చెయ్యి వేసి, లేచి వెళ్లింది. తలుపు మూసుకుంది. గడియ పడింది. పట్టీలమ్మ పళ్లెంలో నీళ్లు సందులో పారబోసి వచ్చి, కూతురికి స్ప్లింట్లు తొడగడానికి కూర్చుంది. గదిలో ఎప్పటిలాగే ఇద్దరే మిగిలారు.

తలుపు అవతల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడైంది.

"ఇదిగో, నీ పిల్ల సగం వదిలేసింది, ఈ నాలుగు చెంచాలూ నువ్వు తినేయ్. ఏడిస్తే నీరసం వస్తుంది."

"వద్దమ్మా. నాకు వేరే చెంచాతో వేరేగా పెట్టు. దాని ఎంగిలి నేను తినను."

"ఇదెక్కడి కొత్త చాదస్తమే! ఎవరు నేర్పారు నీకు?"

పట్టీలమ్మ చెయ్యి పట్టీ మీద ఆగిపోయింది. రాణీగారు వినబడే చెవి తలుపు వైపు తిప్పింది. 

"మా వదిన" అంది ఆడపడుచు. ఆ మాట గట్టిగా, గడియ దాటి ఇవతలికి వినబడేలా అంది. "మా వదిన ఏం చెప్తే అదే చేస్తాను."

పట్టీలమ్మ వెల్క్రో పట్టీని బయటివైపుకి లాగి, బిగుతు చూసుకుని, అంటించింది.